ఇంటి అక్వేరియం సంప్ పైపులు: ఏ ప్లాస్టిక్ వాడవచ్చు, దేన్ని దూరం పెట్టాలి?

ప్రశ్న: కొత్తతొట్టి (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మా ఇంటి హాలులో నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల అద్దాల తొట్టిని ఏర్పాటు చేస్తున్నాను. అంచుల దాకా నింపితే 250 లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. తొట్టిలోని నీరు ఓవర్‌ఫ్లో ద్వారా కింది అరలో ఉన్న సంప్‌లోకి దిగి, అక్కడ వడకట్టబడి, గంటకు 2000 లీటర్ల మోటారుతో తిరిగి పైకి రావాలన్నది నా ఆలోచన. ఇంతవరకు చిన్న తొట్టిని అంచుకు తగిలించే ఫిల్టరుతోనే నెట్టుకొచ్చిన నాకు ఈ పైపుల పని ఇదే మొదటిసారి. తొట్టిలో మొక్కలు, టెట్రా, కోరీ చేపలు ఉంటాయి. నీళ్లు కుదురుకున్నాక చెర్రీ రొయ్యలను కూడా వదలాలని ఉంది.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిపోయిన అంగుళం సీపీవీసీ (వేడినీళ్లకు కూడా వాడే పీవీసీ రకం) పైపు సుమారు మూడు మీటర్లు, ఇత్తడి మరలున్న నాలుగు ఎల్బోలు నా దగ్గర ఉన్నాయి. మొక్కలకు నీళ్లు పట్టే ఆకుపచ్చ గొట్టం కూడా ఉంది. మా మేనమామ గారు తమ మిరప తోట నుంచి తీసేసిన పాత డ్రిప్ పైపు కావలసినంత ఇస్తానంటున్నారు. మా ప్లంబరును అడిగితే, “ఈ పైపుల్లో వచ్చే నీళ్లు మనుషులే తాగుతున్నారు, చేపలకేమవుతుంది సార్” అని నవ్వేశారు. అక్వేరియం దుకాణం వారేమో విదేశీ పైపులు తప్ప మరేవీ పనికిరావని ఒకటే పట్టు పడుతున్నారు. పీవీసీ అంటేనే విషమని ఇంకెవరో చెప్పారు. వీటిలో ఏది నిజమో, ఉన్న సామానులో దేన్ని వాడుకోవచ్చో, దేన్ని పక్కన పెట్టాలో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

జవాబు: పాతపైపు (విశాఖపట్నం)

కొత్తతొట్టి గారూ, నమస్కారం. ముందుగా మీ ప్లంబరు గారి మాటనే తీసుకుందాం. అందులో సగం నిజం ఉంది. తాగునీటికి ఆమోదం పొందిన పైపు చేపలకు కూడా చాలావరకు క్షేమమే. అయితే మన కుళాయి నీరు పైపులోంచి ఒక్కసారి వచ్చి గ్లాసులో పడుతుంది, దానితో ఆ పైపుకూ ఆ నీటికీ సంబంధం తీరిపోతుంది. మీ తొట్టిలో అలా కాదు. 250 లీటర్ల నీటిని గంటకు 2000 లీటర్ల మోటారు తిప్పుతుందంటే, లెక్క ప్రకారం ఉన్న నీరంతా ఏడెనిమిది నిమిషాలకొకసారి అదే పైపులోంచి పోతుంది. నీటిని పైకి ఎత్తే శ్రమ వల్ల మోటారు వేగం కొంత తగ్గుతుంది కనుక పది పన్నెండు నిమిషాలనే అనుకోండి. అలా రాత్రింబగళ్లు తిరిగే నీటిలోకి పైపు నుంచి, కీలు (జాయింట్) నుంచి, వాషరు నుంచి ఏ కొంచెం దిగినా, మీరు వారానికొకసారి పావు వంతు నీరు మార్చేదాకా అది అక్కడే పోగుపడుతుంది. పైగా చేపలు, రొయ్యలు ఆ నీటిని తాగి ఊరుకునేవి కావు, అందులోనే మొప్పలతో ఊపిరి పీల్చుకునేవి.

ఇక పీవీసీ సంగతి. ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు చలామణి అవుతుండటం వల్లనే ఈ గందరగోళమంతా. గట్టిగా, కొడితే టక్కుమని మోగే పైపు యూపీవీసీ. దాన్ని మెత్తబరచడానికి ఏ నూనె లాంటి పదార్థాన్నీ కలపరు, ఆ పేరులోని ‘యూ’ చెప్పేది అదే. చేతితో వంచితే వంగే తోట గొట్టం కూడా పీవీసీయే కానీ, దాన్ని మెత్తబరచడానికి థాలేట్ల వంటి ప్లాస్టిసైజర్లను బరువులో మూడో వంతు దాకా కూడా కలుపుతారు. అవి పీవీసీతో రసాయనికంగా బంధం ఏర్పరచుకోవు, స్పాంజిలో నూనె ఉన్నట్లు మధ్యలో ఇరుక్కుని ఉంటాయి, కాబట్టి మెల్లగా బయటికి వస్తూనే ఉంటాయి. ఎండలో నాలుగేళ్లు పడున్న గొట్టం పెళుసెక్కి చిట్లిపోవడానికి ఒక కారణం ఇదే. అందుచేత మీ ఆకుపచ్చ గొట్టాన్ని మొక్కలకే ఉంచేయండి. నీళ్లు మార్చేటప్పుడు మురికి నీటిని బయటికి తోడటానికి వాడుకున్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే ఆ నీరు వెళ్లిపోయేదే.

గట్టి పైపులో మాత్రం నేను ఒక్క విషయమే చూస్తాను. పైపు మీద అచ్చువేసిన గీత చదువుతాను. తాగునీటి యూపీవీసీ పైపు మీద ఐఎస్ (భారతీయ ప్రమాణం) 4985 అనీ, సీపీవీసీ పైపు మీద ఐఎస్ 15778 అనీ, నల్లటి హెచ్‌డీపీఈ (గట్టి పాలిథిలిన్) పైపు మీద ఐఎస్ 4984 అనీ ఉండాలి. ఐఎస్‌ఐ గుర్తు, లైసెన్సు సంఖ్య కూడా ఉండాలి. ఐఎస్ 13592 అని ఉంటే అది మురుగు, వాడుక నీళ్లు పోయే పైపు. గోడలో కరెంటు తీగలు వేసే పైపుది ఇంకో ప్రమాణం. ఈ రెండూ నీటిలో నిలుస్తాయి కానీ, తాగునీటి కోసం పరీక్షించినవి కావు కనుక వాటిలో ఏం కలిపారన్నది మనకు తెలిసే దారి లేదు. అసలు ఏ అచ్చూ లేని చవక పైపును ఎంత తక్కువకిచ్చినా కొనవద్దు. తుక్కు ప్లాస్టిక్‌ను మళ్లీ కరిగించి చేసిన పైపు కూడా పైకి కొత్త పైపులాగే మెరుస్తుంది. ఒత్తిడి తరగతి గురించి మీరు కంగారు పడనక్కరలేదు. సంప్ నుంచి తొట్టి దాకా ఉండే నాలుగైదు అడుగుల నీటి ఎత్తు వల్ల కలిగే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు మహా అయితే సుమారు 0.15 కిలోలే. బజారులో దొరికే అతి పలుచని 2.5 తరగతి పైపు కూడా దానికి ఎక్కువే.

పీవీసీని వేడికి తట్టుకునేలా చేయడానికి స్టెబిలైజర్లు కలపడం తప్పనిసరి. మన దేశంలో చాలాకాలం ఆ పని సీసం సమ్మేళనాలతో జరిగింది. వాటిని పీవీసీ పైపుల నుంచి తొలగించడానికి కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2021లో ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. కాల్షియం-జింకు, తగరపు సమ్మేళనాలు వాటి స్థానంలోకి వచ్చాయి. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, పాత ఇల్లు కూల్చినప్పుడు దొరికిన పైపులను అక్వేరియానికి వాడుకోవాలనే ఆశ చాలామందికి ఉంటుంది. ఆ పని వద్దు. మీ సీపీవీసీ పైపు మీద తయారీ సంవత్సరమో బ్యాచ్ సంఖ్యో ఉంటే చూసుకోండి. పైపు నుంచి ఏదైనా దిగేది ఉంటే కొత్తలోనే ఎక్కువగా దిగి, రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. కనుక కడిగి, నీటిలో నానబెట్టి వాడటం వృథా శ్రమ కాదు.

మీ మేనమామ గారి డ్రిప్ పైపు విషయంలో మొహమాటపడవద్దు. అది పాలిథిలిన్, అసలు పదార్థంతో చేసిన కొత్త పైపైతే నేను అంతగా అభ్యంతరపెట్టను. కానీ మిరప తోటలో డ్రిప్ పైపుల్లోంచి నీళ్లే కాక ఎరువులు, పురుగుమందులు కూడా పంపుతారు. ఆ మందుల్లో కొన్ని పాలిథిలిన్ గోడలోకి ఇంకి, ఆ తరువాత ఎంత కడిగినా మెల్లమెల్లగా బయటికి వస్తాయి. పురుగులను చంపే మందు రొయ్యలను చంపకుండా ఉండదు, రెండూ ఒకే వంశానికి చెందిన జీవులు.

జవాబు: రొయ్యలబుట్ట (హైదరాబాద్)

పాతపైపు గారు చెప్పినవాటిలో నేను కాదనేది ఏమీ లేదు. అయితే ప్రశ్నలో అందరి కంటికీ తప్పించుకుపోయే మాట ఒకటుంది: “ఇత్తడి మరలున్న ఎల్బోలు.” నా అనుభవం చెబుతాను.

మూడేళ్ల క్రితం నేను కూడా మొత్తం ప్లాస్టిక్ పైపులే వేశాననుకున్నాను. మోటారు దగ్గర మాత్రం మర బిగుసుగా ఉండాలని, లోపల ఇత్తడి తొడుగున్న సీపీవీసీ ముక్క ఒకటి పెట్టారు. బయటికి అంతా లేత పసుపు ప్లాస్టిక్కే కనబడుతుంది, ఇత్తడి లోపల దాక్కుని ఉంటుంది. నా తొట్టిలో ఆర్‌ఓ నీటిలో కొద్దిగా ఖనిజాలు కలిపి వాడేవాడిని. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ కూడా ఇచ్చేవాడిని, పీహెచ్ 6.5 దగ్గర ఉండేది. చేపలకు ఏమీ కాలేదు. రొయ్యలు మాత్రం రోజుకు రెండు మూడు చొప్పున, ముఖ్యంగా పెంకు వదిలిన మర్నాడు, చనిపోయేవి. అమ్మోనియా చూశాను, నైట్రైట్ చూశాను, రెండూ సున్నాయే. చివరికి పంపు విప్పి చూస్తే ఆ ఇత్తడి తొడుగు మీద పచ్చటి చిలుము కనబడింది. దాన్ని తీసేసి, పూర్తిగా ప్లాస్టిక్ మరలున్న ముక్క పెట్టి, ఉత్తేజిత బొగ్గు వేసి, వరుసగా నీళ్లు మార్చాక చావులు ఆగిపోయాయి. నేను శాస్త్రీయంగా రాగి పరీక్ష చేయలేదు కాబట్టి నూటికి నూరుపాళ్లు అదే కారణమని ప్రమాణం చేయలేను కానీ, ఆ తరువాత నా తొట్లలో ఇత్తడిని ఎక్కడా ఉండనివ్వలేదు.

దీని వెనక కారణం కొత్తదేమీ కాదు. ఇత్తడిలో ఎక్కువ భాగం రాగి. చెరువుల్లో నాచును, నత్తలను వదిలించుకోవడానికి మనవాళ్లు వాడే మైలుతుత్తం కూడా రాగి లవణమే. విచిత్రమేమిటంటే రొయ్యల రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోసయానిన్‌లో సహజంగానే రాగి ఉంటుంది. అయినా నీటిలో కరిగిన రాగి అయాన్లు మొప్పల పనిని దెబ్బతీస్తాయి. నీరు ఎంత మెత్తగా, ఎంత ఆమ్లంగా ఉంటే లోహం అంత ఎక్కువ కరుగుతుంది, కరిగినది అంత ఎక్కువ హాని చేస్తుంది. సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీటిలో ఇదే ఇత్తడి ముక్క ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా ఉండవచ్చు. “మా ఇంట్లో ఇత్తడి వాల్వే ఉంది, రొయ్యలు పిల్లలు పెడుతున్నాయి” అని ఎవరైనా అంటే అది అబద్ధం కాదు, వారి నీరు వేరు. మీరు మొక్కల తొట్టి పెడుతున్నారు, కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే ఆలోచన కూడా ఉండి ఉంటుంది. అందుచేత ఆ నాలుగు ఎల్బోలను ఇంటి పనికే వాడుకోండి.

ఇదే లెక్కన జీఐ (పూత వేసిన ఇనుము) నిపుల్స్ కూడా వద్దు, వాటి పూత జింకు. గొట్టానికి బిగించే క్లిప్పు నీటికి బయటే ఉన్నా, ఉప్పు, తేమ తగిలి తుప్పు చుక్కలు తొట్టిలో పడకుండా స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి. అయస్కాంతం అంటుకుంటోందా లేదా అని చూసి మోసపోకండి, స్టీలు తరగతిని అడిగి కొనడమే మేలు.

ప్రశ్నించినవారు: కొత్తతొట్టి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆకుపచ్చ గొట్టం, డ్రిప్ పైపు, ఇత్తడి ఎల్బోలు పక్కన పెట్టేశాను. సీపీవీసీ పైపు మీద ఐఎస్ 15778 అని ఉంది, తయారీ కూడా నిరుడిదే. ఇప్పుడు నాకు రెండు సందేహాలు మిగిలాయి. ఓవర్‌ఫ్లో కోసం అక్వేరియం దుకాణంలో కొన్న, తొట్టి రంధ్రంలో బిగించే ట్యాంక్ నిపుల్‌కు ఈ సీపీవీసీ పైపు కాస్త వదులుగా ఉంటోంది. ఎక్కువ జిగురు పెట్టి నింపేస్తే చాలంటున్నారు ప్లంబరు గారు. మరల దగ్గర సఫేదా, దారం చుడతారట. ఈ జిగురు, సఫేదా చేపలకు ప్రమాదమా? రెండవది, మోటారు కదలిక గోడకు తెలియకుండా మధ్యలో ఒక అడుగు మెత్తటి గొట్టం పెట్టాలనుకుంటున్నాను. అన్ని మెత్తటి గొట్టాలూ చెడ్డవేనా?

జవాబు: పాతపైపు (విశాఖపట్నం)

వదులుగా ఉండటం మీ పొరపాటు కాదు, కొలతల పద్ధతి తేడా. కింద చెప్పే మూడు రకాల పైపులనూ దుకాణంలో “అంగుళం పైపు” అనే అంటారు. అంగుళం సీపీవీసీ పైపు బయటి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు. తెల్లటి షెడ్యూల్ 40 (అంగుళాల కొలత) యూపీవీసీలో అదే అంగుళం పైపు 33.4 మిల్లీమీటర్లు. ఐఎస్ 4985 పైపులు 25, 32 మిల్లీమీటర్ల మెట్రిక్ కొలతలో వస్తాయి, అక్వేరియం కోసం దిగుమతి అయ్యే నిపుల్స్, వాల్వులు కూడా చాలావరకు ఈ మెట్రిక్ కొలతవే. మీది 32 మిల్లీమీటర్ల నిపుల్ అయి ఉంటుంది. అందులో మూడున్నర మిల్లీమీటర్ల ఖాళీని జిగురుతో నింపడం కుదరని పని. సాల్వెంట్ సిమెంటు, అంటే ఈ పీవీసీ జిగురు, ఖాళీలను పూడ్చే లప్పం కాదు, రెండు ఉపరితలాలనూ కరిగించి ఒకటిగా అతికించే ద్రావకం. ముద్దగా వేస్తే పైన పొర కట్టి, లోపల ద్రావకం చిక్కుకుపోతుంది. అదే తరువాత వారాల తరబడి నీటిలోకి వస్తుంది. నిపుల్ కొలతకు సరిపడే 32 మిల్లీమీటర్ల యూపీవీసీ పైపు ఒక మీటరు కొనుక్కోండి, మిగిలిన సీపీవీసీని ఎక్కడైనా వాడుకోవచ్చు. రెండింటినీ కలపాల్సి వస్తే ప్లాస్టిక్ మర ముక్కలతో కలపండి.

జిగురు గురించి భయపడాల్సిన పని లేదు కానీ తొందరపడకూడదు. ఆ డబ్బాలో టెట్రాహైడ్రోఫ్యూరాన్, మిథైల్ ఇథైల్ కీటోన్, సైక్లోహెక్సనోన్ వంటి ద్రావకాలుంటాయి. మొదటిది 66, రెండవది 80 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగేవి కనుక చురుగ్గా ఆవిరైపోతాయి. సైక్లోహెక్సనోన్ 155 డిగ్రీల దాకా మరగదు, అది మెల్లగా పోతుంది. కీలు గంటలోనే గట్టిపడినట్లు అనిపించినా వాసన రెండు మూడు రోజులు వదలకపోవడానికి కారణం ఇదే. మా తీరప్రాంతంలో వానాకాలం అయితే ఇంకా ఆలస్యమవుతుంది. నేను చేసే పద్ధతి ఇది. ముందు జిగురు లేకుండా పైపులన్నీ అమర్చి చూసుకుంటాను. కోసిన అంచుల నూగును గరుకు కాగితంతో తీసేసి తుడుస్తాను. పైపు మీద సమంగా ఒక పూత, సాకెట్ లోపల పలుచని పూత, అంతే. సాకెట్ లోపల ఎక్కువ రాస్తే, పైపు దూర్చగానే అదంతా లోపలికి నెట్టుకుపోయి గుండ్రంగా గడ్డకడుతుంది, అక్కడ నుంచి తుడవడం కూడా మన చేతిలో ఉండదు. అతికించాక గాలి ఆడేచోట రెండు రోజులు వదిలేసి, తరువాత మామూలు నీళ్లు నింపి మోటారుతో ఒక రోజు తిప్పి పారబోస్తాను. ఈ పని రెండుసార్లు చేశాక పైపు మూతికి ముక్కు పెట్టి చూసి, వాసన లేకపోతేనే చేపలు వదిలే మాట. వేడినీళ్లు పోస్తే త్వరగా పోతుందనుకుని మరిగే నీళ్లు మాత్రం పోయవద్దు, యూపీవీసీ 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది.

ఇంకొక మాట, ఇది పైపుకు సంబంధించింది కాకపోయినా చెప్పకుండా ఉండలేను. జిగురు పని ఇంట్లో చేస్తున్నప్పుడు మీ చిన్న తొట్టి అదే గదిలో ఉంటే దాని ఎయిర్ పంపును ఆపేయండి, లేదా పని వరండాలో పెట్టుకోండి. ఆ పంపు గదిలో గాలినే లాగి తొట్టి నీటిలో బుడగలుగా వదులుతుంది. జిగురు ఆవిరి అయినా, గోడలకు వేసే పెయింటు వాసన అయినా, దోమల మందు అయినా అదే దారిన చేపల దగ్గరికి చేరుతుంది.

సఫేదా వద్దే వద్దు. అది నూనెలో కలిపిన రంగు ముద్ద, దేనితో చేశారో డబ్బా మీద ఉండదు, నూలు దారం నీటిలో కుళ్లుతుంది. ప్లాస్టిక్ మరలకు తెల్లటి టెఫ్లాన్ టేపు ఐదారు చుట్లు చాలు. రసాయనాలతో కలవని పదార్థాల్లో టెఫ్లాన్‌ను మించింది దాదాపు లేదు. టేపు ఎక్కువగా చుట్టి బలంగా బిగిస్తే ప్లాస్టిక్ మర చిట్లుతుంది, అది ప్లంబర్లకు ఇనుప మరలతో వచ్చిన అలవాటు.

జవాబు: పొరుగుతీరం (డల్లాస్)

రొయ్యలబుట్ట గారి ఇత్తడి మాటకు ఇక్కడి నుంచి ఒక చిన్న చేర్పు. అమెరికాలో కుళాయి సామాను మీద “సీసం లేనిది” అని రాసి ఉంటుంది. 2014 నుంచి ఇక్కడి చట్టం ప్రకారం నీరు తగిలే ఉపరితలాల్లో సీసం సగటున 0.25 శాతం మించకపోతే అలా రాయవచ్చు. దాన్ని చూసి అక్వేరియానికి కొనే మిత్రులున్నారు. సీసం తగ్గింది కానీ రాగి ఎక్కడికీ పోలేదు. రొయ్యకు కావలసింది రెండవ సమాచారం.

మెత్తటి గొట్టం విషయంలో పాతపైపు గారికంటే నేను కొంచెం ఉదారంగా ఉంటాను. అడుగు గొట్టానికి ఆహార తరగతి సిలికోన్ గొట్టం ఉత్తమం. దానిలో ప్లాస్టిసైజర్ అవసరం ఉండదు, ఏళ్లు గడిచినా మెత్తగానే ఉంటుంది. అయితే మెలిపడితే నొక్కుకుపోతుంది కాబట్టి వంపు తిప్పకుండా నేరుగా పెట్టండి. తొట్టి బయట పెట్టే డబ్బా లాంటి క్యానిస్టర్ ఫిల్టర్ల కోసం అమ్మే ఆకుపచ్చ, బూడిద రంగు గొట్టాలు కూడా మెత్తటి పీవీసీయే. నేను చాలా ఏళ్లుగా వాటిని వాడుతున్నాను, కనబడే నష్టమేమీ రాలేదు. ఆహార, వైద్య అవసరాల గొట్టాల్లో పాత థాలేట్లకు బదులు వేరే ప్లాస్టిసైజర్లు వాడటం ఇప్పుడు మామూలైంది. కొత్త గొట్టం లోపల మొదటి వారాల్లో తెల్లటి జిగట పొర వస్తే కంగారు పడకండి. గొట్టం నుంచి వచ్చే ప్లాస్టిసైజర్‌ను బ్యాక్టీరియా తిని పెరగడం కూడా దానికి ఒక కారణం, బ్రష్‌తో రుద్దేస్తే సరి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు నుంచి వచ్చే సన్నని గొట్టం మాత్రం సిలికోన్‌ది వద్దు, గ్యాసు దాని గోడలోంచే బయటికి పోతుంది. అక్కడ పాలియూరిథేన్ గొట్టం పెట్టండి.

పేరు తెలియని ప్లాస్టిక్ ముక్క చేతికి వస్తే ఒక ఇంటి చిట్కా. చిన్న ముక్కను బకెట్ నీటిలో వేసి, గాలి బుడగ అంటుకోకుండా ముంచి వదలండి. పాలిథిలిన్, పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక కనుక పైకి తేలుతాయి, పీవీసీ మునుగుతుంది. తేలిందంటే దాన్ని సాల్వెంట్ సిమెంటుతో అతికించడం కుదరదని కూడా అర్థం, బిగింపు జాయింట్లే గతి.

ప్రశ్నించినవారు: కొత్తతొట్టి

వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. 32 మిల్లీమీటర్ల యూపీవీసీ, పూర్తి ప్లాస్టిక్ బాల్ వాల్వు, అడుగు సిలికోన్ గొట్టం, రెండు స్టెయిన్‌లెస్ క్లిప్పులు తెచ్చాను. నిన్న నిపుల్ బిగిస్తుంటే దానితో వచ్చిన వాషరు కాస్త చిరిగింది. సైకిల్ ట్యూబు కోసి వాషరు చేసిస్తానని ప్లంబరు గారు అన్నారు. దాన్ని కూడా అడిగి తెలుసుకోవడం మంచిదనిపించింది.

జవాబు: రొయ్యలబుట్ట (హైదరాబాద్)

అడగడమే మంచిదైంది. సైకిల్ ట్యూబు రబ్బరును గట్టిపరిచేటప్పుడు జింకు ఆక్సైడు, గంధకం, మరికొన్ని వేగకారకాలు కలుపుతారు, అవి నీటిలోకి దిగేవే. ఇంటి ట్యాంకుకు పరవాలేదు, మీ సంప్‌కు వద్దు. అదే కొలతకు ఈపీడీఎం రబ్బరు లేదా సిలికోన్ వాషరు దొరుకుతుంది, ఆర్‌ఓ యంత్రాల సామాను అమ్మేచోట అడగండి. వాషరును అద్దానికి తొట్టి లోపలి వైపున పెట్టి, చేతితో బిగించాక పావు చుట్టు మాత్రమే తిప్పండి. జారడానికి ఏదైనా రాయాలనుకుంటే సిలికోన్ గ్రీజు రాయండి. వాహనాల గ్రీజు గానీ, పెట్రోలియం జెల్లీ గానీ ఈపీడీఎంను ఉబ్బించి పాడుచేస్తాయి.

జవాబు: పాతపైపు (విశాఖపట్నం)

నిపుల్ చుట్టూ అదనపు భద్రతకు సిలికోన్ సీలెంటు (సందులు మూసే జిగురు) పట్టిస్తామంటే, “బాత్రూముకు” అని రాసి ఉన్న ట్యూబు కొనవద్దు, బూజు పట్టకుండా అందులో శిలీంధ్రనాశకం కలుపుతారు. అక్వేరియానికి అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, ఆ వాసన పూర్తిగా పోయిందాకా నీళ్లు పోయవద్దు. చేపలను వదిలే ముందు తొట్టిని మామూలు నీటితో వారం తిప్పి, ఒకటి రెండు నత్తలను వేసి చూడండి. రాగి, ద్రావకాలు ఉంటే నత్తలు ముందుగా గోడ వదిలి పడిపోతాయి.